దీపం వచ్చింది, పూచీ రాలేదు

దూరపు కొండలు నునుపని మనవాళ్ళు అన్నారు గాని, దూరపు దీపాలకు వెలుగెక్కువని అన్నట్టు లేదు. ఆ సామెత మనమే పుట్టించుకోవలసిన కాలం వచ్చింది. ఈ మధ్య మా అమరాపురంలో చేపలతొట్టి ఉన్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే వచ్చే మాట చేపల గురించి కాదు, నీళ్ళ గురించి అంతకంటే కాదు. తొట్టిమీద పెట్టే ఎల్.ఇ.డి. దీపం గురించి. అదీ హిందూపురంలో దొరికే దీపం గురించి కాదండీ, సముద్రాలు దాటి రావలసిన దీపం గురించి.

అమరాపురంలో చేపలతొట్టి ఏమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. న్యాయమైన సందేహమే. మాది ఆంధ్రదేశానికి పడమటి కొస. సరుకులకు మడకశిర పోతాం, పనిబడితే కన్నడసీమలోని శిరాకూ పోతాం. 2022 ఏప్రిల్ దాకా మాది అనంతపురం జిల్లా, అప్పటినుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని ఆకాశం మారలేదు. మబ్బుకేసి చూడడం మారలేదు. బహుశా అందుకేనేమో, నీళ్ళు ఎప్పుడూ కంటిముందు కనిపిస్తూ ఉండాలనే ఆశ మాకు కాస్త ఎక్కువ. కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన, మంగలి షాపులో అద్దం కింద, కొత్తగా కట్టిన ఇంటి హాల్లో ఇప్పుడు ఒక తొట్టి ఉంటుంది.

ఆ తొట్లు అమ్మే కుర్రవాడు మా వీధి చివరనే ఉంటాడు. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. చదువయ్యాక బెంగుళూరు వెళ్ళి, ఏడాది తిరగకుండానే వచ్చేసి, వాళ్ళమ్మ గాజులు తాకట్టుపెట్టి కొట్టు తెరిచాడు. ఒక సాయంత్రం చేతిలో కాగితం పట్టుకొని వచ్చాడు.

"సార్, ఇదేందో చూడండి. దుడ్లు కట్టినాక గూడా మళ్ళీ కట్టమంటాండారు."

"ఎవరప్పా?"

"కొరియరోళ్ళు సార్. శిరా నుంచి ఒకాయన నాలుగడుగుల తొట్టి చేయించుకున్యాడు. లోపల ఎర్రాకు చెట్లు ఉండాల్నంట. వాటికి మనకాడ దొరికే లైటు చాలదంట. బయటిదేశం నుంచి తెప్పిచ్చినా. ఇప్పుడు చూస్తే ఇట్ల."

నేను ఛందస్సు చెప్పుకొనేవాణ్ణి. సుంకాల శాస్త్రం నా సబ్జెక్టు కాదు. కాని ఊళ్ళో కాస్త ఇంగ్లీషు చదవగలిగినవాడి ఇల్లు సగం కచేరీ వంటిది. ఎవరికి ఏ కాగితం వచ్చినా చదవవలసిందే. ఆ కాగితం పుణ్యమా అని నేనూ ఈ దీపాల సంగతి కొంత తెలుసుకొన్నాను.

మొదట నాకు కలిగిన ప్రశ్న, అసలు చేపకు దీపం ఎందుకు అని. చేపకు అక్కరలేదు. దానికి పగలూ రాత్రీ తెలిస్తే చాలు. చీకట్లో ఉన్న తొట్టిమీద ఒక్కసారిగా పెద్ద దీపం వేస్తే అది బెదిరి అద్దానికి కొట్టుకొంటుంది కూడా. దీపం కావలసింది మొక్కకు. నీళ్ళలో మునిగి బతికే మొక్కకు గాలిలో ఉన్న మొక్కంత వెలుతురు అందదు. పైనుంచి వచ్చే వెలుగును నీళ్ళు కొంత తినేస్తాయి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అంగడివాళ్ళు దీపం గొప్ప చెప్పేటప్పుడు ఇన్ని ల్యూమెన్లు అంటారు. ల్యూమెన్ అంటే మనిషి కంటికి కనిపించే వెలుగు కొలత. మన కంటికి పచ్చటి వెలుగు అన్నిటికంటే ప్రకాశంగా తోస్తుంది, కాబట్టి ఆ కొలతలో పచ్చదానికి పెద్దపీట. ఆకు సంగతి వేరు. ఆకు ఎక్కువగా పీల్చుకొనేది నీలం, ఎరుపు. పచ్చ వెలుగును అంతగా పీల్చక కొంత తిప్పికొడుతుంది. అది మనకు పచ్చగా కనిపించేది అందువల్లనే. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యనున్న వెలుగులో ఎంత మొక్కను చేరుతోందో కొలిచే లెక్క వేరే ఉంది. దాన్ని పార్ అంటారు. మన కంటిని మురిపించిన దీపమే మొక్క కడుపు నింపుతుందని నమ్మకం లేదన్నమాట. పెళ్ళివారు మెచ్చిన వంట పిల్లాడి ఒంటికి పట్టాలని ఎక్కడుంది?

ఇక ఆ ఎర్రాకు చెట్లు. వాటి బొమ్మ చూపించాడు కుర్రవాడు. నాకు ఎక్కడో చూసిన ముఖంలా తోచింది. విచారిస్తే అది మన పొన్నగంటికూరకు దాయాది! దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మన పొన్నగంటి కాలవగట్టున ఎవరూ పట్టించుకోకుండా పెరిగి పప్పులోకి వస్తుంది. దాని దాయాదికి మాత్రం తలమీద దీపం పట్టాలి. దీపం చాలకపోతే ఎరుపు వెలిసిపోతుంది, కింది ఆకులు రాలిపోతాయి. తొట్లలో పెంచే మొక్కల్లో మన మడుగుల్లో, వరిమళ్ళలో తమంతట తాము మొలిచేవి చాలా ఉన్నాయి. నీటిబ్రాహ్మి ఉంది, నాచుజాతులున్నాయి. వాటికి ఇంత ఆర్భాటం అక్కరలేదు.

తొట్టిలో మొక్కలతో అడవులూ కొండలూ కట్టే ఈ సరదాను లోకానికంతా అంటించినవాడు జపానులోని నీగత ప్రాంతపు ఫోటోగ్రాఫరు తకాషి అమానో. 1954లో పుట్టాడు, 1982లో కంపెనీ పెట్టాడు, 2015లో చనిపోయాడు. ఎల్.ఇ.డి. చరిత్రలోనూ ఒక అమానో ఉన్నాడు. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే గాని మనుషులు వేరు. ఎర్రగా వెలిగే ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. నీలం మాత్రం ముప్ఫై ఏళ్ళు ముప్పుతిప్పలు పెట్టింది. నీలం లేనిదే తెలుపు లేదు; ఇప్పుడు మన ఇళ్ళలో వెలిగే తెల్ల ఎల్.ఇ.డి.లలో చాలావాటి లోపల నీలపు గింజే ఉంటుంది, దానిమీద పసుపుపచ్చ పూత. జపానులోని తోకుషిమాలో ఒక కంపెనీలో పనిచేస్తున్న షూజి నకమురా 1993లో ప్రకాశమైన నీలపు ఎల్.ఇ.డి.ని వెలిగించాడు. ఆయనకూ, ఇసాము అకసాకి, హిరోషి అమానోలకూ కలిపి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అదే 2014లో మా జిల్లాలో ఇంకో విశేషం జరిగింది. ఇంటింటికీ ఎల్.ఇ.డి. బల్బులిచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన నాలుగు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పాత బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే కొత్త బల్బు. అది మన ఇంటి దీపం. పది రూపాయలకు వచ్చింది గనుక దాన్ని తొట్టిమీద పెట్టడానికి నామోషీ. నామోషీ సంగతి ఎలా ఉన్నా, మామూలు నాచు పెంచుకొనేవాడికి 6,500 కెల్విన్ల పగటి తెలుపు బల్బు చక్కగా సరిపోతుంది.

సరే, కాగితం సంగతికి వద్దాం. దీపం ఖరీదు, రవాణా కలిపి కుర్రవాడు 6,400 రూపాయలు కట్టాడు. శిరా ఆసామికి 7,500కు మాట ఇచ్చాడు. ఇప్పుడు సుంకమూ పన్నూ 2,600 చిల్లర, కొరియరువాళ్ళ చాకిరీకి 500 కట్టి సరుకు విడిపించుకొమ్మని కాగితం. ఇల్లు చేరేసరికి దీపం 9,500 దాటింది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారే, ఇక్కడ ఆ గుమ్మడికాయ కొన్నవాడే ఎదురివ్వాలి.

ఈ లెక్క ఎలా పెరుగుతుందో తెలుసుకోవడం మంచిది. సుంకం వస్తువు ధరమీద మాత్రమే వెయ్యరు. ధర, రవాణా, బీమా మూడూ కలిపిన మొత్తంమీద వేస్తారు. ఆ సుంకాన్ని కూడా కలుపుకొని, ఆ పెరిగిన మొత్తంమీద జి.ఎస్.టి. వేస్తారు. లెక్కకోసం సుంకం నూటికి 20, పన్ను నూటికి 18 అనుకోండి. మొత్తం 5,000 అయితే సుంకం 1,000. పన్ను 5,000 మీద కాదు, 6,000 మీద, అంటే 1,080. అయిదువేలు ఏడువేల ఎనభై అయి కూర్చుంది. అసలు రేట్లు బడ్జెటుకూ బడ్జెటుకూ మారుతుంటాయి. పద్ధతి మాత్రం ఇదే.

"అమ్మినోళ్ళు గిఫ్టని రాసి పంపిస్తామన్యారు సార్. నేనే వద్దన్యా. ఒప్పుకొనుంటే బాగుండునేమో."

"వద్దనడమే మంచిదయింది నాయనా" అన్నాను.

ఒకప్పుడు 5,000 రూపాయల దాకా కానుకలకు సుంకం లేదు. దాన్ని అడ్డుపెట్టుకొని అంగడి సరుకంతా కానుకల వేషంలో దేశంలోకి దిగడం మొదలయ్యాక, 2019 డిసెంబరులో ప్రభుత్వం ఆ తలుపు మూసేసింది. టపాలోగాని కొరియరులోగాని కానుక పేరుతో వచ్చే సరుకును, రాఖీనీ ప్రాణరక్షక ఔషధాలనూ మినహాయించి, రానివ్వకూడదన్నారు. పెట్టెమీద కానుక అని అబద్ధం రాసేది ఎక్కడో ఉన్న అమ్మకందారు. సరుకు జప్తు అయితే పోయేది ఇక్కడున్న మనవాడి డబ్బు. ఇంకొక మాట కూడా చెప్పాను. సొంత వాడకానికి ఒకటి తెప్పించుకోవడం వేరు, అమ్మడానికి తెప్పించడం వేరు. అమ్మకానికయితే అది వ్యాపారం. దిగుమతిదారు కోడు నంబరు తీసుకోవాలి. ఎల్.ఇ.డి. దీపాల్లో, వాటిని నడిపే డ్రైవర్లలో చాలా రకాలకు మన ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. ఈ దారి ఒక్కసారికి దాటినా రోజూ నడిచే దారి కాదు.

"ఆయన్ని ఇంకో రెండువేలు అడగరాదూ?" అన్నాను.

"అడిగినా సార్. 'నీవు చెప్పింది ఏడున్నర. నాకు కస్టమ్సోళ్ళతో ఏం పని?' అన్యాడు. మాటిచ్చినా గదా సార్, పోనీలే."

రెండువేలకు పైగా చేతిది వదుల్చుకొని దీపం విడిపించాడు. వెలిగించిన రోజు నన్నూ పిలిచాడు. అబద్ధం చెప్పకూడదు, ఆ వెలుగు బ్రహ్మాండంగా ఉంది. నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉంది తొట్టి. అందులో ఎర్రాకులు కుంకుమ పోసినట్టున్నాయి. శిరా ఆసామి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, మాట్లాడకుండా డబ్బిచ్చి వెళ్ళాడు. మంచి వస్తువు మంచిదే. దూరం నుంచి వచ్చినంత మాత్రాన దానికి వంక పెట్టవలసిన పని లేదు.

నాలుగు నెలలకు ఆ దీపం సగం ఆరిపోయింది.

ఆసామి దాన్ని గుడ్డలో చుట్టుకొని తెచ్చి కొట్టు బల్లమీద పెట్టాడు. ఏడాది గ్యారంటీ అని పెట్టెమీద అచ్చువేసి ఉంది. అమ్మినవాళ్ళకు జాబు రాశాం. ఇంగ్లీషు నాది, బాధ అతనిది. రెండు రోజులకు జవాబు వచ్చింది, ఆరిపోయినట్టు వీడియో పంపమని. పంపాం. మళ్ళీ జవాబు: విచారిస్తున్నాము, వస్తువును మీ ఖర్చుతో తిరిగి పంపితే పరీక్షించి తగిన చర్య తీసుకొంటాము. తిరుగు రవాణా ఎంతవుతుందని విచారిస్తే, దీపం ఖరీదులో సగం దాటుతుందన్నారు. అంతా పెట్టి పంపితే కొత్తది వస్తుందన్న నమ్మకం లేదు. వచ్చినా దానిమీద మళ్ళీ సుంకం పడదన్న నమ్మకం అసలే లేదు.

చట్టం లేదా అంటారు. ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తన ఊరికి చెందిన కమిషన్లోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. అమ్మినవాడి ఊరికి పరుగెత్తనక్కరలేదు. మంచి చట్టం. కాని ఆ నోటీసు తీసుకొనేవాడు ఉండాలిగదా! మనకు తెలిసిందల్లా తెరమీద ఒక పేరు, ఒక బొమ్మ. ఎవరి గుమ్మానికి అంటిస్తాం?

హిందూపురంలో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి కుర్రవాడు దీపం పట్టుకుపోయాడు. ఆయన మరలు విప్పి చూసి, తిరిగి బిగించి ఇచ్చేశాడట. కరెంటును మార్చి గింజలకు అందించే డ్రైవరు లోపలే ఉంది, దానిమీద నల్లటి జిగురు పోసి గట్టిపరిచేశారు. నీళ్ళు చేరకుండా ఉండడానికి అది మంచిదే. కాని మరమ్మతు చేసే చెయ్యి కూడా చేరదు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర నిలబడ్డ ఇద్దరినీ చూడండి. ఆసామి అన్న మాటలో తప్పులేదు: "నేను దీపం నీ దగ్గర కొన్నాను. వాళ్ళెవరో నాకేం తెలుసు?" కుర్రవాడి బాధలోనూ అబద్ధం లేదు: "నేను చేసింది కాదు గదా సార్ ఆ దీపం." తయారుచేసినవాడు ఒక సముద్రం అవతల, అమ్మినవాడు ఒక తెర వెనక. పూచీ మాత్రం దొర్లుకొంటూ వచ్చి ముఖం కనిపించేవాడి దగ్గర ఆగింది. గ్యారంటీ కాగితం మీద ఉంటుంది. పూచీ మనిషిమీద ఉంటుంది. పెట్టెలో మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. అది రానందుకు అయిన ఖర్చు, తల్లి గాజులు ఇంకా విడిపించుకోని ఒక చిన్న కొట్టువాడి నెత్తిన పడింది.

ఇదంతా స్వదేశీ ఉపన్యాసమని కొందరు అనుకోవచ్చు. మొన్న స్టాఫు రూములో ఒక మిత్రుడు అన్నాడు కూడా: "ఏమండీ, మన పక్క అంగట్లో కొన్నది మాత్రం పాడైతే ఎవరు పలుకుతున్నారు? బిల్లు అడిగితేనే మొహం తిప్పుకొంటారు." నిజమే. కాదనను. దగ్గరివాడు అందరూ ధర్మరాజులు కారు. కాని దగ్గరివాడి మొహం తిప్పుకొన్నదని మనకు తెలుస్తుంది. మర్నాడు పోయి మళ్ళీ అడగవచ్చు, నలుగురిలో అడగవచ్చు. వాడికి కూడా ఈ ఊళ్ళోనే కొట్టు తెరవాలి. ఆ సిగ్గు చేసే పని కొంత ఉంది.

అయినా తెప్పించుకోవాలనుకొనేవారు తెప్పించుకోండి. అన్ని దీపాలూ నాలుగు నెలలకే ఆరిపోవు. కొనేముందు కొన్ని మాత్రం చూసుకోండి. మన కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్ళు. అడాప్టరుమీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటే భయంలేదు. 120 అని మాత్రమే ఉంటే దాన్ని మన ప్లగ్గులో పెట్టకండి. అడాప్టరు విడిగా ఉండి, పోతే ఇక్కడే మరొకటి కొనగలిగేటట్టుంటే సగం దిగులు తీరుతుంది. ఎల్.ఇ.డి.కి శత్రువు వేడి. మా ఎండాకాలంలో వేడిని లాగి బయటికి పంపే అల్యూమినియం రేకు మందంగా లేకపోతే గింజలు తొందరగా మసకబారతాయి. తొట్టికి వెళ్ళే తీగ ప్లగ్గుకంటే కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేటట్టు కట్టండి. తీగమీద జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది, ప్లగ్గులోకి ఎక్కదు. మా బోరునీళ్ళు ఉప్పునీళ్ళు. తుంపర పడి దీపం అద్దంమీద తెల్లటి పొర కడుతుంది. వారానికోసారి తీగ ఊడదీసి తుడవకపోతే ఏ దేశపు దీపమైనా ఒకటే. ఎంత గొప్ప దీపమైనా రోజుకు ఏడెనిమిది గంటలు చాలు. డబ్బు పోశాం గదా అని పొద్దంతా వెలిగిస్తే మొక్కకంటే ముందు పాకుడు పెరుగుతుంది.

మన కుర్రవాడు శిరా ఆసామి దీపాన్ని వెనక్కి తీసుకొన్నాడు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి అల్యూమినియం పట్టీలు, 6,500 కెల్విన్ల ఎల్.ఇ.డి. పట్టీలు, కొన్ని ఎర్రవి, విడి అడాప్టర్లు తెచ్చి, కొట్టు వెనక కూర్చుని తనే ఒక దీపం కట్టి ఇచ్చాడు. గింజలు చీనావే. అందులో దాపరికం లేదు, కొనేవాడికి చెప్పే అమ్ముతాడు. ఆ విదేశీ దీపమంత తేటగా ఉండదు దీని వెలుగు. ఎర్రాకులు కుంకుమరంగు నుంచి కాస్త ఇటుకరంగుకు దిగాయి. ఆసామి ఏమన్నాడని అడిగాను.

"ఇదే చాలప్పా అన్యాడు సార్. వాళ్ళ తమ్మునికి గూడా ఒకటి కట్టియ్యమన్యాడు."

అతను కట్టిన ప్రతి దీపం వెనక రేకుమీద చెరగని సిరాతో అమ్మిన తేదీ, తన ఫోను నంబరు రాసి ఇస్తాడు. మొన్న ఒకావిడ మడకశిర నుంచి బస్సులో దీపం పట్టుకొని వచ్చింది, వెలగడం లేదని. తేదీ చూస్తే ఏడాదికి ఇంకా ఇరవై రోజులుంది. అడాప్టరు మార్చి ఇచ్చాడు. అతనికి 250 రూపాయలు ఖర్చు. ఆవిడ బస్సు వచ్చేదాకా కొట్లోనే కూర్చుని చేపలను చూసింది.